1877 ఢిల్లీ దర్బారు పతకము

రాజోత్సవ స్మారక పతకములను సేకరించువారు భారతదేశ సంబంధమైనవానిలో 1877 నాటి పతకమును మిక్కిలి మన్నింతురు. ఆ యేట జనవరి 1వ తేదీన లార్డు లిట్టను ఢిల్లీలో దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించెను. అప్పటి పతకము 58 మిల్లీమీటర్ల వ్యాసము గల పెద్ద బిళ్ళ. ముందువైపున మేలిముసుగుతో, కిరీటముతో రాణి ప్రతిమ. వెనుక పారసీకము, ఇంగ్లీషు, హిందీ భాషలలో ఆమె బిరుదము. సంస్థానాధీశులకు బంగారువి, తక్కువ హోదావారికి వెండివి లభించెను. వానిని ఎఱ్ఱ పట్టీతో మెడలో ధరించెడివారు.

ఆ దినములలోనే బళ్లారి, కర్నూలు, కడప మండలములలో ధాత కరవు ప్రజలను మ్రింగుచుండెను. పతకములు పంచిన ఆ జనవరిలోనే, లిట్టను పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ కరవుపనులలోని పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. అది ప్రాణము నిలుపజాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిషు గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు బత్తెము పెంపక తప్పలేదు. పతకముపై మూడు భాషలున్నను, కరవు మండలముల తెలుగునకు గాని కన్నడమునకు గాని చోటు లేదు.

1911 నాటి దర్బారుకు అయిదవ జార్జి స్వయముగా వచ్చెను. అప్పటి వెండి పతకములు ఇరువదియారువేలకు పైగా ముద్రితమైనందున నేటికిని సేకర్తలకు సులభముగా దొరకుచున్నవి.