నడుమ వదిలిన ఖాళీ

ఆ పుస్తకంలో ఏ పేజీ తెరిచినా మూడు కాలమ్‌లు కనిపిస్తాయి. ఒక అంచున ఇజ్రాయెలీలు తమ చరిత్ర చెప్పుకుంటారు. ఇంకో అంచున పాలస్తీనియన్లు తమది చెప్పుకుంటారు. నడిమి కాలమ్‌లో అక్షరం ముక్క ఉండదు. అది పిల్లల కోసం వదిలిన చోటు. రెండు వైపులా చదివాక తమకు తోచింది వాళ్లు అక్కడ రాసుకోవాలి. సందేహం రాయొచ్చు, కోపం రాయొచ్చు, ఇన్నాళ్లూ ఈ సంగతి మాకెందుకు చెప్పలేదని నిలదీయొచ్చు. హీబ్రూ, అరబ్బీ రెండూ కుడి నుంచి ఎడమకు రాసే భాషలే. కాబట్టి ఎవరి పిల్లలు కలం పట్టినా ఆ ఖాళీలో మొదటి అక్షరం పడేది కుడి అంచునే.

చరిత్ర పుస్తకంలో అంత చోటు తెల్లగా వదిలేయాలన్న ఆలోచన ఎవరికి, ఎందుకు వచ్చింది? ఆ కథ చెప్పాలంటే ముందు యూరప్ దాకా వెళ్లి రావాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ బడి పుస్తకాలు పొరుగు దేశాన్ని చూసి పళ్లు నూరేవి. వాటిని వల్లెవేసి పెరిగిన కుర్రాళ్లే కందకాల్లో దిగి ఒకరినొకరు చంపుకున్నారు. యుద్ధం ముగిశాక తమ పాఠాల్లోనే ఏదో తేడా ఉందని గుర్తించిన వాళ్లలో పంతుళ్లు ముందున్నారు. 1935లో రెండు దేశాల చరిత్రకారులు పారిస్‌లో కూర్చుని, ఏయే విషయాల్లో పుస్తకాలు సరిచేసుకోవాలో రాసుకున్నారు. అప్పటికే జర్మనీ హిట్లర్ చేతిలో ఉంది. ఆ రాతలు తరగతి గది దాకా రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి మళ్లీ యుద్ధం.

ఆ పనిని రెండోసారి భుజానికెత్తుకున్నవాడు గియోర్గ్ ఎకెర్ట్. 1912లో బెర్లిన్‌లో పుట్టాడు. యుద్ధంలో జర్మన్ సైన్యం తరఫున గ్రీస్‌లోని థెస్సలొనీకిలో వాతావరణ విభాగంలో పనిచేస్తూనే గ్రీకు ప్రతిఘటన దళాలతో సంబంధాలు పెట్టుకుని, చివరికి వాళ్ల వైపు వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరాడు. 1951లో అక్కడే పాఠ్యపుస్తకాలను సరిదిద్దడానికంటూ ఒక సంస్థ మొదలుపెట్టాడు. పద్ధతి చాలా మామూలుది. మీ పుస్తకాలు మాకివ్వండి, మావి మీరు తీసుకోండి. మా గురించి మీరు రాసినదాంట్లో ఏది తప్పో మేం చెబుతాం, మీ గురించి మేం రాసిందాంట్లో తప్పులు మీరు చెప్పండి. ఇంతే.

మామూలు పద్ధతే గానీ, ఆచరణలో ఒక్కొక్క మాట దగ్గరా ప్రాణం పోయేంత పని. 1972లో పశ్చిమ జర్మనీ, పోలండ్ పండితులు ఇదే పనికి కూర్చున్నారు. యుద్ధం చివర్లో పోలండ్‌కు దక్కిన భూభాగాల నుంచి జర్మన్లు లక్షల్లో వెళ్లిపోవాల్సి వచ్చింది. దాన్ని ఏమనాలి? వెళ్లగొట్టారనాలా, తరలించారనాలా? 1976లో వెలువడిన సిఫార్సుల్లో తరలింపు అన్న అర్థమొచ్చే మాట పడింది. ఇళ్లూ పొలాలూ పోగొట్టుకుని వచ్చిన జర్మన్ కుటుంబాల సంఘాలు భగ్గుమన్నాయి. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. బతుకంతా మూటగట్టుకుని రాత్రికి రాత్రి ఇల్లు వదిలిన మనిషికి 'తరలింపు' అన్న ఆఫీసు మాట చెంపదెబ్బలా తగులుతుంది. నాజీల చేతిలో దాదాపు అరవై లక్షల మంది పౌరుల్ని పోగొట్టుకున్న పోలండ్‌కేమో, జర్మన్లు తమ కష్టం దగ్గరే కథ మొదలుపెట్టడం అంతకంటే పెద్ద చెంపదెబ్బ.

ఇంత జరిగాక గానీ ఒకే పుస్తకం అన్న మాట రాలేదు. అదీ పెద్దల నోటి నుంచి రాలేదు. 2003 జనవరిలో ఫ్రాన్స్–జర్మనీ స్నేహ ఒప్పందానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా బెర్లిన్‌లో రెండు దేశాల విద్యార్థులతో యువజన పార్లమెంటు జరిగింది. మా ఇద్దరికీ ఒకే చరిత్ర పుస్తకం రాయించండని అడిగింది వాళ్లు. 2006లో మొదటి సంపుటం వచ్చింది. అవే పాఠాలు, అవే బొమ్మలు, ఒకటి ఫ్రెంచిలో, ఒకటి జర్మన్‌లో. రాసేటప్పుడు గొడవలు రాకపోలేదు. చిత్రమేమిటంటే గొడవ ఎక్కువగా హిట్లర్ గురించి కాదు, యుద్ధం తర్వాతి ప్రపంచంలో అమెరికా పాత్ర గురించి. కుదరని చోట, ఇక్కడ మా ఇద్దరి చూపూ వేరని పుస్తకంలోనే చెప్పేశారు.

ఇప్పుడు మన మూడు కాలమ్‌ల పుస్తకం పుట్టిన చోటికి, బేత్‌లెహేం పక్కనున్న బెయిత్ జాలా ఊరికి వద్దాం. ఎకెర్ట్‌కు ఉన్న వెసులుబాటు ఇక్కడివాళ్లకు లేదు. ఆయన పని మొదలుపెట్టేనాటికి యుద్ధం ముగిసిపోయింది, ఫిరంగులు చల్లారాయి. ఇక్కడ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఇంటిగోడ మీద తూటాల గుర్తులు పచ్చిగా ఉండగానే ఆ ఇంటి చరిత్ర రాయాలి.

దాన్ బర్ ఆన్ మనస్తత్వ శాస్త్రవేత్త. నాజీల నుంచి తప్పించుకుని జర్మనీ వదిలి వచ్చేసిన యూదు దంపతులకు 1938లో హైఫాలో పుట్టాడు. ఎడారి అంచున రెవివిమ్ అనే కిబ్బుట్జ్‌లో, అంటే సమష్టి వ్యవసాయ గ్రామంలో, పాతికేళ్లు బతికాడు. తర్వాత బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఆయన చేసిన ఒక పని చాలామంది యూదులకు మింగుడుపడలేదు. జర్మనీ వెళ్లి, నాజీ నేరస్థుల కొడుకులతో, కూతుళ్లతో కూర్చుని వాళ్ల మాట విన్నాడు. తండ్రి చేసిన ఘోరం గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తని మౌనంలో పెరిగిన మనుషులు వాళ్లు. తర్వాత వాళ్లనీ, నాజీల మారణకాండ నుంచి బయటపడ్డ యూదుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. ఎవరూ ఎవర్నీ క్షమించనక్కర్లేదు, ఒకరి కథ ఇంకొకరు పూర్తిగా వింటే చాలన్నది అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం.

సామీ అద్వాన్ బేత్‌లెహేం విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర ఆచార్యుడు. ఇజ్రాయెల్ జైల్లో ఉండి వచ్చినవాడు. జైల్లో ఇద్దరు ఇజ్రాయెలీ సైనికులు తన గురించే వాదించుకోవడం విన్నాడు. హీబ్రూలో ఉన్న కాగితం మీద, అందులో ఏముందో తెలియని మనిషి చేత సంతకం పెట్టించొచ్చా లేదా అన్నది వాదన. వాళ్లలో ఒకడు కూడదన్నాడు. అవతలి వాళ్లంతా ఒక్క అచ్చులో పోసినవాళ్లు కాదన్న అనుమానం అద్వాన్‌కు అక్కడ మొదలైంది.

ఈ ఇద్దరూ కలిసి 1998లో బెయిత్ జాలాలో ఒక శాంతి పరిశోధన సంస్థ పెట్టారు. దాని పొట్టి పేరు ప్రైమ్. తలితా కుమి అనే పాత జర్మన్ బడి ఆవరణలో దాని చోటు. ఆ బడి ఇరువైపుల వాళ్లూ ఎలాగోలా చేరుకోగలిగిన జాగాలో ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. ముందు బడి పుస్తకాలు పరిశీలించారు. పాలస్తీనియన్లకు 2000 దాకా సొంత పాఠ్యపుస్తకాలే లేవు. వెస్ట్ బ్యాంక్‌లో జోర్డాన్ పుస్తకాలు, గాజాలో ఈజిప్టు పుస్తకాలు చదువుకున్నారు. ఏ వైపు పుస్తకం చూసినా అవతలి వాళ్ల బాధకు చోటు దాదాపు లేదు.

ఫ్రెంచి, జర్మన్ల దారిలో ఒకే కథ రాద్దామా అంటే, అది ఇప్పట్లో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలిసిపోయింది. ఇరుపక్షాలూ ఒప్పుకునే కథ రాయాలంటే ఇద్దరికీ ముఖ్యమైనదంతా తీసేయాలి. మిగిలేది ఎవరిదీ కాని కథ. అలాంటప్పుడు రెండు కథలూ పూర్తిగా, ఎవరి గొంతుతో వాళ్లు చెప్పుకుని, పక్కపక్కన అచ్చువేస్తే? కలపలేని చోట కలిపినట్టు నటించకుండా ఆ జాగా ఖాళీగా వదిలేస్తే? ఇదీ ఆ ఆవిష్కరణ. చెప్పుకుంటే ఇంతే. కానీ ఓటమిలా కనిపించే దాన్ని పద్ధతిగా మార్చడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి.

2002లో పని మొదలైంది. రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనియన్ల రెండో తిరుగుబాటు మంటల మధ్య, చెరి ఆరుగురు హైస్కూలు చరిత్ర ఉపాధ్యాయులు. పాలస్తీనా ఉపాధ్యాయులు సమావేశానికి రావాలంటే పర్మిట్ దొరకాలి, చెక్‌పోస్టు దాటాలి, ఆ రోజు కర్ఫ్యూ ఉండకూడదు. చరిత్రకారులు ఇయాల్ నవే, అద్నాన్ ముసల్లం పక్కనుండి సాయం చేశారు. ఎవరి కథ వాళ్ల భాషలో రాసుకున్నారు. ఇద్దరికీ తెలిసిన ఇంగ్లిష్‌లోకి మార్చి చదువుకున్నారు. అవతలి కథను ప్రశ్నించొచ్చు, ఇక్కడ అర్థం కాలేదనొచ్చు. ఇలా మార్చి రాయండని మాత్రం అనకూడదు. ఈ ఒక్క కట్టుబాటు మీదే పుస్తకమంతా నిలబడింది.

మొదటి పుస్తకానికి మూడు ఘట్టాలు తీసుకున్నారు: పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటానికి మద్దతిస్తామని 1917లో బ్రిటన్ చేసిన బాల్‌ఫర్ ప్రకటన, 1948 యుద్ధం, 1987లో మొదలైన మొదటి ఇంతిఫాదా. మొదటి పాఠంలోనే తమాషా చూడొచ్చు. ఇజ్రాయెలీ కథ పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో, జాతీయవాదం, యూదు ద్వేషం మధ్య, యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిజం పుట్టుకతో మొదలవుతుంది. పాలస్తీనియన్ కథ 1799లో నెపోలియన్ దగ్గర మొదలవుతుంది. పాలస్తీనాలో యూదు రాజ్యం అన్న ఆలోచన వలస పాలకుల ఎత్తుగడల నుంచి వచ్చిందన్నది వాళ్ల లెక్క. ఒకరికది ఇల్లు లేని జనం ఇల్లు వెతుక్కున్న కథ. ఇంకొకరికి, తమ ఇంటిని ఎవరో మూడోవాడు రాసిచ్చేసిన కథ. వాదనంతా కథ ఎక్కడ మొదలైందన్న దగ్గరే సగం తేలిపోతుందని ఆ రెండు కాలమ్‌లు పక్కపక్కన చూసినప్పుడు తెలుస్తుంది.

ఇక 1948. ఇజ్రాయెలీలకది స్వాతంత్ర్య యుద్ధం. సుమారు ఆరు వేల మంది చనిపోయారు, అంటే అప్పటి యూదు జనాభాలో నూటికి ఒకరు. పాలస్తీనియన్లకు అది నక్బా, అంటే మహావిపత్తు. ఏడు లక్షల మందికి పైగా ఊళ్లు వదిలారు. కొందరి ఇళ్లలో ఆనాటి తాళంచెవులు ఇప్పటికీ ఉన్నాయి. ఈ అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక తరగతిలో ఒక అంకె, ఇంకో తరగతిలో ఇంకో అంకె చెప్పడంలోనే ఉంది చిక్కంతా.

ఇది మనకు తెలియని చిక్కేమీ కాదు. అదే 1948లో, సెప్టెంబర్ 17న, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. ఆ తేదీ ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా ఒకే ఊళ్లో వేర్వేరుగా జరిపాయి. 2024లో అది ప్రజాపాలన దినోత్సవమైంది. ఈ పేర్లన్నీ ఒకే పేజీలో పెట్టి, ఎవరు ఏ బాధతో ఏ పేరు పెట్టారో చెప్పే పాఠం మన పిల్లలకు ఉంటే బాగుండునని నాకు బలంగా అనిపిస్తుంది.

తరగతి గదుల్లోకి వెళ్లాక పుస్తకానికి ఎదురైంది అనుకున్నదే. శత్రువు ప్రచారం మేమెందుకు చదవాలని రెండు వైపులా పిల్లలు అడిగారు. తల్లిదండ్రులు అడిగారు. పాలస్తీనా ఉపాధ్యాయులకు ఇంకో కష్టం. గుమ్మంలో సైనికుడు నిలబడి ఉండగా, ఆ సైనికుడి తాత కథ ఎలా చెప్పడం? అయినా చెప్పారు. ఇజ్రాయెలీ ఉపాధ్యాయులూ చెప్పారు. ఏ ప్రభుత్వమూ అధికారికంగా ఒప్పుకోలేదు. 2010లో గాజా సరిహద్దుకు దగ్గర్లోని ఒక ఇజ్రాయెలీ హైస్కూల్లో ఈ పుస్తకం వాడుతున్నారని తెలిసి విద్యాశాఖ వద్దంది. పాలస్తీనా విద్యాశాఖ కూడా దాన్ని బడుల్లోకి తీసుకోలేదు. కొట్లాటలో ఉన్న రెండు పక్షాలూ ఒకే మాట మీద నిలబడిన అరుదైన సందర్భం అది. నాకది బాధ కలిగించింది గానీ ఆశ్చర్యం కలిగించలేదు. సొంత కథ తప్పని ఆ పుస్తకం ఎక్కడా అనదు. సొంత కథ ఒక్కటే లేదని మాత్రం అంటుంది. పాలకులకు మొదటిదానికంటే రెండోదే పెద్ద భయం.

దాన్ బర్ ఆన్ 2008లో కన్నుమూశాడు. పని ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మొత్తానికీ రెండు కథలు పూర్తయి 2012లో ఇంగ్లిష్‌లో ఒకే గ్రంథంగా వచ్చాయి. దాని పేరుకు అర్థం 'పక్కపక్కన'. అంతకుముందే 2004లో మొదటి పుస్తకం ఫ్రెంచిలోకి 'అవతలివాడి చరిత్ర' అన్న అర్థమొచ్చే పేరుతో వెళ్లింది. పుట్టినచోట తలుపులు మూసుకున్నా, పద్ధతి మాత్రం దేశాలు తిరిగింది. మాసిడోనియాలో 2001 ఘర్షణల తర్వాత అక్కడి మాసిడోనియన్, అల్బేనియన్ ఉపాధ్యాయులు తమ రెండు కథలనూ ఇలాగే పక్కపక్కన రాసుకున్నారు.

ఆ పుస్తకం యుద్ధాన్ని ఆపలేదు. 2023 అక్టోబర్ నుంచి ఆ నేల మీద జరిగింది చూస్తూ, ఏ పుస్తకమైనా ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను కాదనలేను. కానీ వేరే దేశంలో పుట్టిన ఒక ప్రయత్నం అదే ఆలోచనను కాగితం మీద నుంచి గొంతుల్లోకి తెచ్చింది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో మైకేల్ డేవిస్ అనే చరిత్ర ఉపాధ్యాయుడు మొదలుపెట్టిన ఆ సంస్థ పేరు పారలల్ హిస్టరీస్. బ్రిటన్‌లో చాలా బడులు ముట్టుకోవడానికి ఇష్టపడని ఇజ్రాయెల్–పాలస్తీనా అంశాన్నీ, ఐర్లండ్ అంశాన్నీ తీసుకుని పిల్లల చేత చర్చ పెట్టిస్తారు. నడిమి కాలమ్‌లో రాసుకోవాల్సింది అక్కడ అందరి ఎదుటా నోటితో చెప్పాలి. పిల్లలకు అసలు పత్రాలిస్తారు: నాటి ఉత్తరాలు, తీర్మానాలు, పటాలు. ఒక పక్షం తరఫున సాక్ష్యాలు వెతికి వాదించాలి. అదయ్యాక పక్షాలు మారతాయి. ఇందాకటి దాకా బాల్‌ఫర్ ప్రకటనను సమర్థించిన అమ్మాయి లేచి, కాగితాలు సర్దుకుని అవతలి పక్షానికి వెళుతుంది. తాను ఇంతసేపూ పడగొట్టాలని చూసిన వాదనకు ఇప్పుడు తనే సాక్ష్యాలు వెతకాలి.