వీధి హక్కు నుంచి వాటా హక్కు దాకా

తమిళనాడు శాసనసభ 2009లో చేసిన ఒక చట్టంలో ఏడు కులాల పేర్లున్నాయి: ఆది ఆంధ్ర, అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి. వీళ్లలో చాలామందికి ఇంటి మాట తెలుగే. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఉన్న నల్లరేగడి సీమలో చెప్పులు కుట్టి, మోటబావులకు తోలు బానలు కుట్టి, ఊళ్లు ఊడ్చి, చావుకు డప్పు కొట్టి బతికిన కుటుంబాలు వీళ్లలో ఉన్నాయి. ఎస్సీలకున్న 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతం వీళ్లకు విడిగా ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఆ మూడు శాతం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. వీధిలో నడవడానికి, గుడిలో అడుగుపెట్టడానికి, ఓటేసి పదవిలో కూర్చోవడానికి ఈ సీమలో జరిగిన పోరాటాల వరసలోదే అది కూడా. ఆ వరసను మొదటి నుంచి చూద్దాం.

రథవీధి

కోవిల్‌పట్టికి దగ్గర్లోని కళుగుమలై, కొండను తొలిచి చెక్కిన గుడికీ, మురుగన్ ఆలయానికీ పేరుపొందిన ఊరు. ఒకప్పుడు ఇది ఎట్టయపురం జమీనులోది. ఆ జమీందార్లు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు. తాటిచెట్లెక్కి కల్లు గీసే వృత్తి నుంచి వ్యాపారంలోకి వచ్చి నిలదొక్కుకుంటున్న నాడార్లు తమ ఊరేగింపులు కూడా గుడి చుట్టూ ఉన్న రథవీధుల్లో సాగాలన్నారు. జమీను కుదరదంది. దావాలు నడిచాయి. నాడార్లు ఓడిపోయారు. వాళ్లలో కొందరు క్రైస్తవం పుచ్చుకుని ఆ వీధిలోనే ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. 1895 ఏప్రిల్‌లో, పంగుణి ఉత్తరం రథోత్సవం నాడు, ఆ మందిరం దగ్గర వేసిన పందిరి విషయంలో గొడవ రేగింది. జమీను మేనేజరుతో పాటు పలువురు చనిపోయారు.

రెండేళ్ల తర్వాత, 1897 మే నెలలో, కముది ఊళ్లో కొందరు నాడార్లు మీనాక్షీ సుందరేశ్వరాలయంలోకి వెళ్లి తమ చేతులతో పూజ చేసుకున్నారు. రామనాథపురం రాజా భాస్కర సేతుపతి వాళ్లమీద దావా వేశారు. ఈ గొడవలు ముదిరి 1899 జూన్‌లో వేలమంది శివకాశి మీద పడి నాడార్ల ఇళ్లు తగలబెట్టారు. 1908లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కముది దావాలో ఆఖరి తీర్పు చెప్పింది: ఆచారం ప్రకారం నాడార్లకు ఆ గుడిలో ప్రవేశం లేదు. సరిగ్గా ఈ గొడవల నడుమే, 1896లో, నల్లవాళ్లకు వేరే రైలుపెట్టె పెట్టడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తేల్చింది. ఇక్కడైనా అక్కడైనా ఆనాటి కోర్టుల్లో నెగ్గింది ఆచారమే.

కోవిల్‌పట్టి దగ్గరి ఆండిపట్టిలో పుట్టిన రచయిత పూమణి కళుగుమలై, శివకాశి ఘటనల చుట్టూ ‘అఞ్ఞాడి’ అనే పెద్ద నవల రాశారు. దానికి 2014లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

గుప్పెడు బియ్యం

విరుదునగర్‌ను అప్పట్లో విరుదుపట్టి అనేవారు. అక్కడి నాడార్ వర్తకులు అమ్మే సరుకు మీద ‘మగమై’ పేరుతో సంఘానికి కొంత సొమ్ము కట్టేవారు. ఇళ్లలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి విడిగా పెట్టేవారు. ‘పిడి అరిసి’ అనే ఆ బియ్యాన్ని ఇంటింటా పోగుచేసి బడి నడిపారు. క్షత్రియ విద్యాశాల అలా నడిచిన బడే. 1903లో ఆ ఊళ్లో పుట్టిన కామరాజ్ అక్కడే చదివారు. 1954 నుంచి 1963 దాకా ముఖ్యమంత్రిగా ఉండి, మధ్యాహ్న భోజనం పెట్టి పేదపిల్లల్ని బడికి రప్పించారు.

గుడి తలుపు మూసేసిన సమాజానికి నాడార్లు సొంత బడితో, సొంత బజారుతో జవాబు చెప్పారు. అయితే గుప్పెడు తీసి పక్కన పెట్టాలంటే ముందు ఇంట్లో బియ్యం ఉండాలి. కూలి గింజల మీదే రోజు గడిచే అరుంధతీయుల వాడల్లో ఆ వెసులుబాటు ఎక్కడిది? దుకాణం లేనివాడికి, భూమి లేనివాడికి చట్టమే దిక్కు.

చట్టం కదిలిన తీరు

చట్టం మెల్లగానే కదిలింది. ప్రజల దారులు, బావులు అందరివీ అని 1924లో దళిత నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించారు. 1939 జూలై 8న కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యర్ మదురై మీనాక్షి గుడిలోకి కక్కన్ తదితర దళితులతో, విరుదునగర్‌కు చెందిన షణ్ముగ నాడార్‌తో కలిసి వెళ్లారు. ఆ ఏడాదే రాజాజీ ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి చట్టం తెచ్చింది. 1947లో మరింత గట్టి చట్టం వచ్చింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. దాన్ని అమలుచేయడానికి 1955లో అస్పృశ్యత నేరాల చట్టం చేశారు. 1976లో దాన్ని కఠినం చేసి, పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు.

ఈ పోరాటాన్ని అమెరికా నల్లవాళ్ల పోరాటంతో కలిపి చూడటం కొత్తేమీ కాదు. అంబేడ్కర్ 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞప్తి ప్రతి తనకు కావాలని అడిగారు. అమెరికాలో 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే కేటాయించిన ఫలహారశాల బల్ల దగ్గర కూర్చుని లేవబోమన్నారు. 1964 జూలై 2న వచ్చిన పౌరహక్కుల చట్టం హోటళ్లలో, సినిమాహాళ్లలో, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. మన 1955 చట్టం అంతకు తొమ్మిదేళ్లు ముందుది. ఆ తర్వాత కూడా తమిళనాడు పల్లెల టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు, కొన్నిచోట్ల కొబ్బరి చిప్ప ఇస్తూనే వచ్చారు.

ఓటు దగ్గరా ఇదే వరస. విరుదునగర్ జిల్లాలోని కొట్టకచ్చియేందల్, మదురై జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీల అధ్యక్ష పదవులు 1996లో ఎస్సీలకు రిజర్వ్ అయ్యాయి. పెత్తందారీ కులాలు పదేళ్లపాటు అక్కడ దళిత అధ్యక్షుణ్ణి పదవిలో కూర్చోనివ్వలేదు. 2006 అక్టోబరులో గానీ ఎన్నికలు సవ్యంగా జరగలేదు. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ల ఓటుకు రక్షణగా 1965లో చట్టం వచ్చింది. మన పల్లెల్లో ఓటు హక్కు ముందే ఉంది. ఆ ఓటుతో గెలిచినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టే తెగువ అధికారుల్లో, ఊళ్లలో రావడానికి పదేళ్లు పట్టింది.

వాటాలో వాటా

రిజర్వేషన్ వచ్చాక కూడా అరుంధతీయులు అట్టడుగునే మిగిలారు. ఎస్సీ కోటాలోని సీట్లు, ఉద్యోగాలు ముందుగా చదువు అందిన కులాలకే ఎక్కువగా చేరాయి. తెలుగునాట ఇదే గోడు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితిగా రూపుకట్టింది. ఆంధ్రప్రదేశ్ ఎస్సీలను ఏబీసీడీలుగా వర్గీకరించి 2000లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో చిన్నయ్య కేసులో కొట్టేసింది. ఆ తీర్పు ఉండగానే తమిళనాడు 2008లో జస్టిస్ జనార్దనం కమిటీని వేసి, దాని నివేదిక మీద 2009లో చట్టం చేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో చిన్నయ్య తీర్పును పక్కనపెట్టి, వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనంది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వర్గీకరణను అమలులోకి తెచ్చాయి.

అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదంది. అక్కడ ఆ తలుపు మూసుకున్న ఏడాదికి ఇక్కడ మరో తలుపు తెరుచుకుంది. వెనకబడినవాళ్లలో మరీ వెనకబడినవాళ్లను చూడగలగడం మన చట్టానికి ఉన్న బలం.

ఈ నల్లరేగడి సీమ తెలుగువాళ్లు అనగానే మనం ఎట్టయపురం జమీనునీ, పాంచాలంకురిచ్చి కట్టబొమ్మననీ, ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్‌నీ గర్వంగా తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. తెల్లవారుజామున చీపురు పట్టుకుని ఆ ఊళ్లను శుభ్రం చేసేవాళ్లలో ఇంటికెళ్లి పిల్లల్ని తెలుగులోనే పిలుచుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పిల్లలకు ఇంజనీరింగ్ సీటు, ప్రభుత్వ కొలువు అందుతున్నాయా లేదా అని అడగడం కూడా మన పనే. ప్రవాసాంధ్రుల సభల్లో, తెలుగు సంఘాల తీర్మానాల్లో ఇకమీదటైనా వాళ్ల బడి గురించి, వాళ్ల ఉద్యోగం గురించి ఒక్క మాట ఉండాలి. వాళ్లను లెక్కలోకి తీసుకోని తెలుగు లెక్క తప్పుడు లెక్క.