నది ఇంటి పక్కనే.. విహారం మాత్రం గండిపేటలో

హుస్సేనీ ఆలం: చార్మినార్‌కు పడమరగా, ఖిల్వత్‌కూ పురానాపూల్‌కూ నడుమ ఒదిగిన బస్తీ హుస్సేనీ ఆలం. ఇక్కడి నుంచి మూసీ నది నడిచి చేరుకునే దూరమే. అయినా సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకుని ఏటి ఒడ్డున కాసేపు సేదదీరుదామనుకునే కుటుంబాలు ఆ దిక్కుకు వెళ్లవు. నగరపు మురుగంతా మోసుకుపోతున్న ప్రవాహం పక్కన కూర్చునేదెవరు? అందుకే వారు ఆటోనో, బస్సో ఎక్కి నదికి ఎదురుగా ఇరవై కిలోమీటర్ల మేర ప్రయాణించి గండిపేట చేరుకుంటారు. రికార్డుల్లో దాని పేరు ఉస్మాన్‌సాగర్. జనం నోట మాత్రం ఇప్పటికీ గండిపేట చెరువే.

వరద తెచ్చిన సాగరం

ఈ జలాశయం కథ పాతబస్తీ ముంగిటనే మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఎగువన శంషాబాద్‌లో 24 గంటల వ్యవధిలో 12.8 అంగుళాల వర్షం కురిసింది. పరీవాహక ప్రాంతంలో రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట మరొకటి తెగాయి. సుమారు 15 వేల మంది మృత్యువాత పడ్డారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద ధాటికి దెబ్బతినగా, 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ తన 22 కమానులతో నిలదొక్కుకుంది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నీడన నిలిచి నాటి వృత్తాంతాన్ని చెప్పుకొనేవారు నేటికీ ఉన్నారు.

ఆ విలయం తర్వాత 1909లో నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చారు. వరదను నగరంలో కాదు, నగరానికి పైనే ఆపాలన్నది ఆయన సూచన. ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ రూపుదిద్దుకున్నాయి. మొదటిదానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు, రెండోదానికి ఆయన కుమారుడి పేరు పెట్టారు. వరదను అడ్డుకునేందుకు కట్టిన ఈ రెండూ దాహం తీర్చే జలాశయాలు కూడా అయ్యాయి. పల్లానికి పారే గుణమే ఆధారంగా, మోటార్ల అవసరం లేకుండా, గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. హిమాయత్‌సాగర్ నీరు మీరాలం ఫిల్టర్ బెడ్ల ద్వారా పాతబస్తీ కుళాయిలకు వచ్చింది. గండిపేట నీరు తాగినవారు హైదరాబాద్‌ను వీడిపోరన్న నానుడి అలా పుట్టినదే.

తీరంలో చూడదగినవి

వికారాబాద్ వద్ద అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పు దిశగా పారుతూ ఇక్కడ ఆగుతుంది. కట్ట తూర్పున, నీరు పడమటన ఉండడంతో సూర్యాస్తమయం జలాశయం మీదనే కనువిందు చేస్తుంది. మధ్యాహ్నం ఎండలో వెళ్లి అలసిపోవడం కంటే నాలుగు గంటల తర్వాత చేరుకోవడం మేలు. తీరాన నిజాం కాలపు విడిది సాగర్ మహల్ ఉంది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ తీర్చిదిద్దిన అయిదున్నర ఎకరాల ఉద్యానవనం 2022 అక్టోబరులో ప్రారంభమైంది. నడకబాటలు, పూల వరుసలు, ఆరుబయలు రంగస్థలం ఇందులో ఉన్నాయి. శీతకాలంలో వలస పక్షులు వస్తాయి.

ఒక పూటకు మించి సమయం ఉన్నవారు చిలుకూరు కూడా చూసి రావచ్చు. హుండీ లేని బాలాజీ ఆలయం, కోరిక నెరవేరినవారు చేసే 108 ప్రదక్షిణలు అందరికీ తెలిసినవే. సమీపంలోని మృగవని జాతీయ వనాన్ని 1994లో ప్రకటించారు. విస్తీర్ణం మూడున్నర చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. చుక్కల దుప్పులు, కణుజులు ఇక్కడి ప్రధాన ఆకర్షణ.

ఇలా వెళ్లాలి

సొంత వాహనంపై వెళ్లేవారికి పురానాపూల్, కార్వాన్, లంగర్‌హౌజ్ మీదుగా సాగే దారి అనువైనది. ఒకప్పుడు గోల్కొండ నుంచి నగరానికి వర్తకులు నడిచిన బాట కూడా ఇదే. దారిలో 1671 నాటి టోలీ మసీదు తగులుతుంది. లంగర్‌హౌజ్ వద్ద మూసీ, ఈసీ కలిసే చోట బాపూఘాట్ ఉంది. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని ఈ సంగమంలోనే కలిపారు. పిల్లలకు చూపించేందుకు పావుగంట ఆగడం వృథా కాదు. బస్సులో వెళ్లదలచినవారు మెహదీపట్నం చేరి, అక్కడ మారాలి.

తాగే నీరని మరువరాదు

ఉస్మాన్‌సాగర్ ఉద్యానవనపు కొలను కాదు, నగరానికి తాగునీరిచ్చే వనరు. నీటిలో దిగడం, ఈత కొట్టడం నిషిద్ధం. పైకి నిశ్చలంగా కనిపించే అంచున బురద ఎంత లోతో తెలియదు. ఈత రాని యువకులు స్నేహితుల ప్రోద్బలంతో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు ఇలాంటి చెరువులన్నింటి వద్దా వినిపిస్తాయి. తిన్న ప్లాస్టిక్ పళ్లేలను ఒడ్డున వదిలి రావడమంటే వాటిని తాము తాగే బిందెలో వేయడమే.

జంట జలాశయాల రక్షణకు 1996 మార్చిలో 111వ నంబరు జీవో వెలువడింది. పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, భారీ నిర్మాణాలను అది కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ నంబరు జీవో, నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో ఆ ఆంక్షలను సడలించింది. కట్టపై నిలబడి చుట్టూ చూస్తే ఆకాశహర్మ్యాలు నీటికి ఎంత చేరువగా వచ్చాయో సందర్శకులకే తెలుస్తుంది.

గేట్లెత్తితే ప్రయాణం వద్దు

ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు, గేట్లు 15. హిమాయత్‌సాగర్‌కు 1,763.5 అడుగులు, 17 గేట్లు. వానాకాలంలో బయలుదేరే ముందు ఆ రోజు నీటిమట్టం ఎంతో పత్రికలోనో, టీవీలోనో చూసుకోవడం అవసరం. గేట్లు ఎత్తిన రోజుల్లో నార్సింగి-మంచిరేవుల మధ్య రోడ్డుపై, హిమాయత్‌సాగర్ దిగువన బాహ్యవలయ రహదారి సర్వీసు రోడ్డుపై నీరు పారుతుంది. పోలీసులు రాకపోకలు నిలిపివేస్తారు.

అలాంటి రోజున గండిపేటకు బదులు మీరాలం చెరువు పక్కనున్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల హుస్సేనీ ఆలం వాసులకు దగ్గర దారి. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన ఈ 380 ఎకరాల జూకు సోమవారం సెలవు. ఇక మూసీ సంగతి: 2025 సెప్టెంబరు చివరి వారంలో రెండు జలాశయాల గేట్లూ ఎత్తినప్పుడు నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చేరింది. గేట్లెత్తిన నాడు పురానాపూల్ ఒడ్డు బస్తీల వారు సామాను మూటగట్టుకుని ఎత్తయిన చోటికి వెళ్లాల్సిందే. వాన తగ్గి, గేట్లు దించి, రోడ్లు తెరుచుకున్నాకే గండిపేట ప్రయాణం పెట్టుకోవాలి.