వెలుగు నుంచి పనిముట్టు దాకా: మెగ్నీషియం కథ

హైస్కూలు ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు పట్టకారుతో చిన్న రిబ్బన్ ముక్కను పట్టుకొని మంటలో పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు, ఆ తర్వాత తెల్లని పొడి. మెగ్నీషియం గురించి మనకు మిగిలే జ్ఞాపకం సాధారణంగా అదే. ఆ లోహంతోనే నిచ్చెనలు, సూట్‌కేసులు, పెనాలు, ల్యాప్‌టాప్ పెట్టెలు చేశారంటే వెంటనే నమ్మబుద్ధి కాదు.

ముందుగా ఒక లెక్క చూడండి. ఒక ఘన సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు, అల్యూమినియం 2.70 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతాయి. అంటే కిలో బరువున్న ఇనుప వస్తువును అదే పరిమాణంలో అల్యూమినియంతో చేస్తే దాదాపు 340 గ్రాములు, మెగ్నీషియంతో చేస్తే దాదాపు 220 గ్రాములు ఉంటుంది. పైగా ఇది అరుదైన మూలకం కాదు, సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 గ్రాముల వరకు ఉంది. అయినా అల్యూమినియంలా ఇది ఇంటింటికీ ఎందుకు చేరలేదు? నిప్పు భయం అని చాలామంది చెబుతారు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ సమాధానం సగమే నిజమని తెలుస్తుంది.

1808లో హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణ ద్వారా ఈ లోహం ఉనికిని నిరూపించాడు. చేతితో పట్టుకొని చూడదగిన రూపంలో దాన్ని తయారుచేసినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆంటొయిన్ బుస్సీ. 1852లో జర్మనీలో రాబర్ట్ బున్సెన్ కరిగించిన మెగ్నీషియం క్లోరైడును విద్యుద్విశ్లేషణ చేసే ఘటాన్ని రూపొందించాడు. అయితే ఆ శతాబ్దంలో మెగ్నీషియాన్ని కొన్నవారు దానితో వస్తువులు చేయలేదు, తగలబెట్టారు. 1860లలో ఇంగ్లండులోని మాంచెస్టరులో తయారైన మెగ్నీషియం తీగ, రిబ్బను చీకటిలో ఫోటోలు తీయడానికి పనికివచ్చాయి. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేటు కలిపి ఫ్లాష్ పొడి తయారుచేశారు. ఆ వెలుగులోనే జేకబ్ రీస్ న్యూయార్కు మురికివాడల ఇరుకు గదులను ఫోటోలు తీసి లోకానికి చూపాడు.

లోహాన్ని లోహంగా వాడటం 20వ శతాబ్దంలోనే ఊపందుకుంది. 1909లో ఫ్రాంక్‌ఫర్టు వైమానిక ప్రదర్శనలో గ్రీషైమ్ కంపెనీ 'ఎలెక్ట్రాన్' అనే మెగ్నీషియం మిశ్రలోహాన్ని ప్రదర్శించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోవడంతో అమెరికా సొంతంగా తయారీ మొదలుపెట్టింది. మిషిగన్‌లోని డౌ కంపెనీ 1916లో ఉప్పునీటి బావుల నుంచి దీన్ని తీసింది. అదే కంపెనీ 1941 జనవరిలో టెక్సస్‌లోని ఫ్రీపోర్టు వద్ద నేరుగా సముద్రం నుంచి లోహాన్ని తీయగలిగింది. ఆ పద్ధతిలో ముత్యపుచిప్పల జాతి గుల్లలను కాల్చి సున్నం చేస్తారు. సున్నాన్ని సముద్రపు నీటిలో కలిపితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అడుగుకు దిగుతుంది. దాన్ని ఆమ్లంతో క్లోరైడుగా మార్చి, కరిగించి, విద్యుత్తు పంపిస్తారు. వినడానికి సులువే. కాని కిలో లోహం కోసం 800 లీటర్లకు దగ్గరగా నీటిని తోడాలి, ఆపైన విద్యుత్తు ఖర్చు భరించాలి. యుద్ధం నడుస్తున్నంతకాలం ఆ ఖర్చును ఎవరూ లెక్కచేయలేదు. విమానాల చక్రాలు, ఇంజను పెట్టెలు ఒకవైపు, నగరాల మీద వేసిన దాహక బాంబులు మరోవైపు ఆ లోహాన్ని మింగేశాయి. లండను మీద జర్మన్లు వేసిన కిలో బరువు దాహక బాంబుల తొడుగు కూడా ఎలెక్ట్రాన్ మిశ్రలోహమే.

1945లో యుద్ధం ముగిసింది. కర్మాగారాలు ఉన్నాయి, కొనేవారు లేరు. మన పాఠానికి ముఖ్యమైన ఘట్టం ఇదే. గృహోపకరణాల మార్కెట్టు మెగ్నీషియాన్ని అడగలేదు, మిగిలిపోయిన ఉత్పత్తి శక్తే మార్కెట్టును వెతుక్కుంటూ వచ్చింది. అమెరికాలో మెగ్నీషియం నిచ్చెనలు, పెట్టెలు మోసే రెండు చక్రాల తోపుడు బండ్లు, సూట్‌కేసు చట్రాలు, పెనాలు వచ్చాయి. చాలా వస్తువులు కొన్నాళ్లకే అల్యూమినియం ముందు ఓడిపోయాయి. రోజంతా చేతితో ఎత్తి దించే పనిముట్లు మాత్రం నిలిచాయి.

వాటిలో కాంక్రీటు పైతలాన్ని రుద్ది సాపు చేసే చేతి పలక ఒకటి. తాపీ పని తెలిసినవారికి దాని విలువ ఇట్టే అర్థమవుతుంది. ఉక్కు తాపీతో తొందరపడి రుద్దితే పైపొర మూసుకుపోతుంది, లోపలి నీరు బయటికి రాలేదు. మెగ్నీషియం పలక పైతలాన్ని తెరిచి ఉంచుతుంది. చెక్క పలకలా నీరు పీల్చదు, కాంక్రీటును ఈడ్చదు. ఇక్కడ రసాయన శాస్త్రం కూడా కలిసివచ్చింది. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. క్షారంలో అల్యూమినియం తినుకుపోతుంది. మెగ్నీషియం మీద మాత్రం హైడ్రాక్సైడ్ పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది.

ఇప్పుడు నిప్పు సంగతికి వద్దాం. 1955లో ఫ్రాన్సులోని లె మాన్ కారు పందెంలో మెగ్నీషియం మిశ్రలోహపు బాడీ ఉన్న మెర్సిడెస్ కారు కట్టను గుద్దుకొని మండిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ప్రాణాలు తీసింది జనంలోకి ఎగిరిపడిన కారు భాగాలే అయినా, మండుతున్న లోహమే లోకానికి గుర్తుండిపోయింది. రిబ్బను, పొడి, లేతు మీద రాలే సన్నని తురుము త్వరగా అంటుకుంటాయి. ఆ మంట మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి ప్రమాదం పెరుగుతుంది. కాని మందమైన ముక్క సంగతి వేరు. అది వేడిని తనలో వేగంగా పంచేసుకుంటుంది కనుక, దాదాపు కరిగే స్థితికి, అంటే 650 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా సాధారణంగా అంటుకోదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లలో ఇంజను, గేరు పెట్టెలలో కలిపి సుమారు 20 కిలోల మెగ్నీషియం ఉండేది. అలాంటి కార్లు లక్షల సంఖ్యలో రోడ్ల మీద తిరిగాయి.

మెగ్నీషియానికి అసలు శత్రువు ఉప్పు తేమ. ఇనుప స్క్రూ తగిలిన చోట తేమ చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ తయారై, మెగ్నీషియం కరిగిపోతుంది. స్క్రూ లేకపోయినా లోహంలోపలి ఇనుప మలినం అదే పని చేస్తుంది. 1942లో డౌ కంపెనీ పరిశోధకుడు హానవాల్ట్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టారు. మెగ్నీషియంలో ఇనుము లక్షకు 17 పాళ్లు దాటితే తినుకుపోయే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. నికెల్ విషయంలో ఆ హద్దు పది లక్షలకు 5 పాళ్లే. కరిగిన లోహాన్ని ఉక్కు పాత్రల్లోనే ఉంచేవారు కనుక ఇనుము చేరకుండా చూడటం తేలిక కాదు. ఇదే బలహీనతను లాభంగా వాడుకున్న సందర్భం మీ ఇంట్లోనే ఉండవచ్చు. గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు ఉక్కుకు బదులు అది కరిగిపోతుంది. మెకానిక్ బయటికి తీసే అరిగిపోయిన కడ్డీ అదే. ఒక లోహాన్ని బలిపెట్టి మరొకదాన్ని కాపాడే ఈ ఉపాయాన్ని 1824లో నౌకల రాగి తొడుగు మీద ప్రయోగించి చూసింది కూడా డేవీయే.

1980లలో మలినాలను గట్టిగా అదుపుచేసిన మిశ్రలోహాలు వచ్చాయి. 9 శాతం అల్యూమినియం, 1 శాతం జింకు ఉండే 'ఏజెడ్ 91 డి' వాటిలో ప్రసిద్ధం. కరిగిన మెగ్నీషియం మిశ్రలోహం పలుచని అచ్చులోకి చక్కగా పారుతుంది. అందుకే ఇది చెయిన్ రంపాల పెట్టెలకు, ఖరీదైన కెమెరాల లోపలి చట్రాలకు, ల్యాప్‌టాప్‌లకు పనికివచ్చింది. అంతకుముందే, 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ కంప్యూటరు పెట్టె మెగ్నీషియం మిశ్రలోహంతో చేసినదే. దాన్ని అమెరికా స్పేస్ షటిల్‌లో వాడారు.

లోహం నాణ్యత కుదురుకుంటున్న కాలంలోనే దాని తయారీ చోటు మారింది. 1941లో కెనడాలో ఎల్.ఎం. పిడ్జన్ విద్యుద్విశ్లేషణ అక్కర్లేని పద్ధతిని రూపొందించాడు. కాల్చిన డోలమైట్ రాతిని ఫెర్రోసిలికాన్‌తో కలిపి, గాలి తీసేసిన ఉక్కు గొట్టాల్లో సుమారు 1,200 డిగ్రీలకు వేడిచేస్తే మెగ్నీషియం ఆవిరై, చల్లని కొనలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. గొట్టాలను నింపడం, ఖాళీ చేయడం ఒళ్లు వంచి చేయాల్సిన పని. బొగ్గు, కూలీ చౌకగా దొరికిన చైనా 1990ల నుంచి ఈ పద్ధతితోనే ప్రపంచ మార్కెట్టును ఆక్రమించింది. ఫ్రీపోర్టు కర్మాగారం 1998లో ఆగిపోయింది. నార్వేలోని పోర్స్‌గ్రున్‌లో 2002లో లోహం తీయడం ఆపేశారు. 2021 సెప్టెంబరులో షాన్షీ రాష్ట్రంలోని ఫూగూ ప్రాంతంలో విద్యుత్తు వాడకాన్ని తగ్గించడానికి చాలా కొలిమిలను మూయించినప్పుడు ధరలు ఎగబాకాయి, యూరప్ కార్ల పరిశ్రమ కంగారుపడింది.

ఆ డోలమైట్ మనకు కొత్త రాయి కాదు. ఖమ్మం జిల్లా మాదారంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి డోలమైట్ గని ఉంది. అక్కడి రాయి కొలిమిలోకి ద్రవకారిగా వెళ్తుంది. అందులోని మెగ్నీషియం లోహంగా బయటికి రాదు, ఆక్సైడు రూపంలో లోహమలంలో కలిసిపోతుంది.