కోనసముద్రపు టుక్కు – తుపాకి గొట్టము

ఉక్కనునది దేశ్యపదము. 1795లో జార్జి పియర్సను లండను రాజసంఘమునఁ బ్రకటించిన వ్యాసమునందలి ‘వూట్జు’ దీని వికృతియే యని పలువురి మతము. కకార మట్లు మాఱుటకు వ్యాకరణసూత్ర మేదియుఁ గానరాదు. లేఖకప్రమాదమే కారణము కావచ్చును.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున నీ యుక్కు చేయు విధమును హెన్రీ వోయిసీ స్వయముగాఁ జూచెను. ఆయన 1824లో మరణింపఁగా, వ్రాఁత 1832లో వంగదేశపు ఆసియాటిక్ సంఘపత్రికలో వెలువడెను. నిర్మలకుఁ దూర్పున దిమ్మదుర్తి రాళ్లనుండి యయస్కాంతధర్మముగల రజమును దీసెడివారు. రెండు తెఱఁగుల యినుమును మూసలలో నుంచి, యహోరాత్రము కాఁచెడివారు. పారసీక వర్తకు లచ్చటనే నిలిచి, తూనికలను దామే చూచుకొని కొనిపోయెడివారు.

ఈ సీమ వేఁటతుపాకుల గొట్టములును నీ యుక్కుతోనే యయ్యెనని తలఁచుట సహజము. కాని యది పొసఁగదు. అంగారాంశ మధికమగుటచే నిది కత్తికి వాఁడి నిచ్చును; మందు పేలిన తాఁకిడికిఁ బెళుసై పగులును. గొట్టమునకు మెత్తని యినుపపట్టెను గడ్డీకిఁ జుట్టి, కాఁచి, సమ్మెటతో నతుకవలెను. ‘డమాస్కస్ గొట్టము’ అను పేరును ఇట్లు చుట్టిన ఇనుప, ఉక్కు పట్టెల చాఱలకే చెల్లును, మూసయుక్కునకుఁ జెల్లదు. పేరొకటి యగుటచేఁ బండితులును భ్రమపడిరి. మూస యెఱిఁగిన కమ్మరులు గ్రంథము వ్రాయరైరి. నేఁటికిఁ బ్రధానాధారము పరదేశీయుని లేఖనమే.