ప్రాసెసర్ నెత్తిన ఫ్యాన్ ఎప్పుడెక్కింది?

హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం, చైతన్యపురి గల్లీల్లో అద్దె గదులన్నీ కిక్కిరిసే ఉంటాయి. ఒకరు గ్రూప్స్‌కి చదువుకుంటుంటే, అదే గదిలో ఇంకొకరు రాత్రి భోజనమయ్యాక గేమ్ మొదలుపెడతారు. కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకునే కుర్రాళ్లు “అన్నా, చప్పుడు రాని కూలర్ ఏది?” అని అడిగేది అందుకే. ఆ చప్పుడు ఎందుకు పుట్టిందో తెలిస్తే, ఏది కొనాలన్నదీ తేలిపోతుంది.

టీడీసీ-12 మొదలు టీడీసీ కంప్యూటర్లు చేసిన ఈసీఐఎల్ సంస్థ ఈ నగరానిదే. టీడీసీ-12 వచ్చింది 1969లో. ఆ తరం యంత్రాలకు ప్రత్యేకంగా ఏసీ గది ఉండేది, వేడి భారమంతా గదే మోసేది. 1981లో ఐబీఎం పీసీ మామూలు బల్ల మీదికి వచ్చింది. దానిలోని 8088 చిప్పు రెండు వాట్లు కూడా తినేది కాదు. దాని మీద ఫ్యాన్ లేదు, లోహపు దిమ్మె (హీట్‌సింక్) కూడా లేదు. తిరిగేదల్లా వెనక కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లోని ఫ్యాన్ ఒక్కటే. 286, 386 చిప్పుల కాలమూ అలాగే గడిచింది. 1992లో 66 మెగాహెర్ట్జ్ 486 వచ్చేసరికి అల్యూమినియం హీట్‌సింకులు కనిపించసాగాయి. మరుసటి ఏడాది మార్చిలో వచ్చిన 66 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 5 వోల్టుల మీద నడుస్తూ 16 వాట్ల దాకా వేడి కక్కింది. అప్పటి నుంచి ప్రాసెసర్‌కి ఫ్యాన్ తప్పనిసరైంది.

అసలు రొద 2000 తర్వాత మొదలైంది. గిగాహెర్ట్జ్ పోటీలో చిప్పుల వేడి పెరుగుతూ పోయింది, కూలర్ సైజు మాత్రం పెద్దగా పెరగలేదు. 60 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్‌ని నిమిషానికి 7000 చుట్లు తిప్పి ఆ లోటు పూడ్చారు. గదిలో మాట వినబడని హోరు అది. 2004లో వచ్చిన పెంటియమ్ 4 ప్రెస్కాట్ చిప్పుల్లో కొన్ని 115 వాట్లకు చేరాయి. అదే ఏడాది మే నెలలో ఇంటెల్ ఆ వరసలో రావలసిన టేజస్ చిప్పుని రద్దుచేసి, రెండు కోర్ల దారి పట్టింది. అంత పెద్ద కంపెనీని వెనక్కి తిప్పింది వేడే.

ఊరట హీట్ పైపు రూపంలో వచ్చింది. ఈ ఆలోచనకి 1940ల్లోనే ఒక పేటెంటు ఉంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా రూపొందించాక, ముందు అంతరిక్ష నౌకలకు పనికొచ్చింది. గాలి తీసేసిన రాగి గొట్టంలో కొద్దిగా నీళ్లు ఉంటాయి. చిప్పు దగ్గర అవి ఆవిరై చల్లటి కొసకు పోయి, ఇడ్లీ పాత్ర మూతకి పట్టినట్టు మళ్లీ నీళ్లై, గొట్టం లోపలి గోడల్లోని సన్నని రంధ్రాల వెంట తిరిగి చిప్పు దగ్గరికి చేరతాయి. ఇందులో తిరిగేదేమీ లేదు, కాబట్టి చప్పుడూ లేదు. దీనివల్ల వేడిని చిప్పుకి దూరంగా మోసుకెళ్లి వెడల్పైన రేకుల దొంతర మీద పరచడం సాధ్యమైంది. 2005లో జపాన్ కంపెనీ సైథ్ తెచ్చిన నింజా, అదే ఏడాది ఆస్ట్రియాలో మొదలైన నాక్టువా కూలర్లు ఈ దారివే. నాక్టువా 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15లో ఆరు హీట్ పైపులు, రెండు పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి.

రేకుల వైశాల్యం పెరిగితే ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. కీలకమంతా ఇక్కడే ఉంది. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది. అందుకే చిన్న దిమ్మెకి ఖరీదైన ఫ్యాన్ బిగించడం కన్నా, పెద్ద దిమ్మె మీద మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ని నిదానంగా తిప్పడం మేలు. రంగు లైట్లకు పెట్టే డబ్బు లోహానికి పెట్టండి. చాలా గేమింగ్ పీసీలకు నీళ్ల కూలర్ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. దాన్లో ఫ్యాన్లతో పాటు పంపు కూడా ఉంటుంది, గేమ్ ఆపేశాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది.

మన ఎండల సంగతి మరవకూడదు. సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలావరకు 20–25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. మే నెలలో పైఅంతస్తు గది 38 డిగ్రీలుంటే, అదే ఫ్యాన్ వేగానికి చిప్పు కూడా దాదాపు అంత తేడాతో వేడెక్కుతుంది. ఫ్యాన్ మీద ఆధారపడే ఏ కూలరూ చిప్పుని గది కన్నా చల్లగా ఉంచలేదు. కాబట్టి ఇక్కడ అవసరానికి ఒక మెట్టు పెద్ద కూలరే తీసుకోవాలి. ప్రాసెసర్ ఎంపికలోనూ జాగ్రత్త పడాలి. ఇంటెల్ 13900కే లాంటిది 253 వాట్ల దాకా లాగుతుంది, 65 వాట్ల తరగతి చిప్పుతో చాలా గేములు హాయిగా నడుస్తాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లే ముందు మీ క్యాబినెట్‌లో కూలర్‌కి ఎంత ఎత్తు పడుతుందో కొలుచుకోండి, మంచి టవర్ కూలర్లు 155–165 మిల్లీమీటర్లుంటాయి. బిగించాక బయాస్‌లోకి వెళ్లి, వేడి పెరిగితేనే ఫ్యాన్ వేగం పెరిగేలా సరిచేయండి. ఎండాకాలం మొదలయ్యేలోపు రేకుల మధ్య దుమ్ము దులపండి.