గ్యారంటీ కార్డు – లైసెన్సు పుస్తకం: మన ప్రాంతంలో తుపాకి మరమ్మతు కథ

మన సంఘంలో రెవెన్యూ, పోలీసు, బ్యాంకు, మార్కెట్ కమిటీలలో పనిచేసి రిటైరైన మిత్రులు ఎందరో ఉన్నారు. సర్వీసులో ఏదో ఒక దశలో ఆయుధ లైసెన్సు ఫైలు వీరిలో చాలామంది బల్ల మీదికి వచ్చే ఉంటుంది. అది ఆదోని పత్తి మార్కెట్లో నగదుతో తిరిగే వ్యాపారి రివాల్వర్‌ది కావచ్చు, ఎమ్మిగనూరులో బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడే మాజీ సైనికుని పన్నెండు బోరు తుపాకిది కావచ్చు. లైసెన్సు ఎలా ఇస్తారో మనకు బాగా తెలుసు. అయితే ఆ ఆయుధమే చెడిపోతే ఎవరు బాగుచేయాలి, కంపెనీవారి గ్యారంటీ మన ఊరి దాకా వస్తుందా అన్న సంగతి మీద మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు తెలిసినంతలో ఆ చరిత్రను ఈ ప్రత్యేక సంచిక పాఠకుల ముందుంచుతున్నాను.

ఆదోనికి తుపాకి కొత్త కాదు. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిని జాగీరుగా ఏలిన కాలంలో, లాలీ అనే ఫ్రెంచి అధికారి కింద ఒక పటాలం ఆయన కొలువులో ఉండేది. ఆ పటాలం తరువాత హైదర్ అలీ పక్షాన చేరింది. 1786లో టిప్పు సుల్తాను ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్నాడు. అదే కాలంలో హైదరాబాదులో రేమండ్ దొర ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. నేటికీ ఆ పేటను గన్ ఫౌండ్రీ అనే పిలుస్తున్నారు. ఆ రోజుల్లో ఆయుధం చేసేవాడు, బాగుచేసేవాడు సైన్యానికి అందుబాటులోనే ఉండేవారు. గ్యారంటీ అంటే పనివాడి మాటే. తుపాకి పేలకపోతే వాడి గుడారానికి వెళ్ళి అడగవచ్చు.

1800లో మన ప్రాంతం కంపెనీవారికి దత్తమైంది. మన్రో దొర పాలెగాళ్ళ బలగాలను అణచివేశాడు. 1878 ఆయుధాల చట్టంతో తుపాకి ఇంట్లో ఉండాలంటే దొరతనంవారి కాగితం తప్పనిసరి అయింది. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది కనుక, మన పెద్దలు ఆ కాగితం కోసం బళ్ళారి కలెక్టరు కచేరీ వైపే చూసేవారు.

అప్పట్లో ఆయుధాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. బర్మింగ్‌హాం నగరంలో 1813లో పార్లమెంటు చట్టం ద్వారా ఒక పరీక్షా కేంద్రం ఏర్పడింది. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం పగలకపోతేనే అక్కడ ముద్ర వేసేవారు. నిజానికి తుపాకికి తొలి గ్యారంటీ కార్డు ఆ ముద్రే. ఐతే ఈ తుపాకి కొన్ననాడు గట్టిదే అని మాత్రమే అది చెబుతుంది, ఇరవై ఏళ్ళ తరువాత స్ప్రింగు విరిగితే మార్చి ఇస్తామని చెప్పదు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

మనవారికి బాగా తెలిసిన రివాల్వర్ పేరు వెబ్లీ. 1897లో ఏర్పడిన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ 1979లో తుపాకుల తయారీ మానేసింది. ఎయిర్ పిస్టళ్ళ వంటివి మాత్రమే మిగుల్చుకుంది. అంటే తాతగారి వెబ్లీని భద్రంగా దాచుకున్నవారికి ఆనాటితో తయారీదారు లేకుండా పోయాడు. 1980ల దశకంలో ప్రైవేటు వ్యక్తుల దిగుమతులకు కూడా అడ్డుకట్ట పడింది. పాత రివాల్వర్‌కు విడి భాగం కావాలంటే మరో పాత రివాల్వర్ నుంచి తీయవలసిందే.

ఆ లోటు తీర్చడానికి వచ్చినదే కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీవారి .32 రివాల్వర్. ఆరు తూటాలు పట్టే ఈ ఆయుధం వెబ్లీ నమూనా ననుసరించినదే. స్వదేశీ సరుకు, పైగా సర్కారు సరుకు అన్న నమ్మకంతో కొన్నారు. కాని ఆదోని నుంచి కాన్పూరు వెయ్యి కిలోమీటర్ల పైమాట.

ఇక్కడే మన కథలోని అసలు చిక్కు ఉంది. 1959లో చేసి 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన ఆయుధాల చట్టం ఐదవ సెక్షను ప్రకారం తుపాకులు తయారు చేయడానికీ, అమ్మడానికే కాదు, వాటిని బాగుచేసే వృత్తికి కూడా లైసెన్సు ఉండాలి. రేడియో చెడిపోతే బజారులో ఎవరో ఒకరు విప్పి చూస్తారు. మగ్గం సామాను విరిగితే ఎమ్మిగనూరు వడ్రంగి సాయంత్రానికల్లా సరిచేస్తాడు. రివాల్వర్‌ను మాత్రం ఎంత పనితనమున్న లేతు మేస్త్రీ అయినా లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు. మామూలు పార్సిలులా కట్టి కంపెనీకి పంపించే వస్తువూ కాదు. యజమాని లైసెన్సు రాష్ట్రం వరకే చెల్లేదైతే, ఆయుధంతో రాష్ట్రం దాటడానికి వేరే అనుమతి తెచ్చుకోవాలి.

నేను పనిచేసిన ఒక కార్యాలయానికి ఇటువంటి అర్జీ ఒకటి వచ్చింది. ఊరు, పేరు, కంపెనీ చెప్పడం సబబు కాదు. కొత్త రివాల్వర్, సిలిండరు సరిగా తిరగడం లేదు. మా దగ్గరకు తెచ్చి చూపిస్తే ఉచితంగా బాగుచేస్తామని తయారీదారు జవాబిచ్చాడు. మాట న్యాయమైనదే. కాని తీసుకెళ్ళడానికి అనుమతి కావాలి, దానికి పోలీసు రిపోర్టు కావాలి, రిపోర్టు వచ్చేసరికి పై అధికారికి బదిలీ అయింది. ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ కాదనలేదు. గ్యారంటీ కార్డు మాత్రం కొన్న తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఫైలు నడిచిన రోజులను అది మినహాయించదు. అనుమతి చేతికొచ్చేనాటికి గడువు దాటింది. ఆయన చివరకు సొంత ఖర్చుతో లైసెన్సు ఉన్న డీలరు దగ్గర బాగుచేయించుకున్నారు. ప్రాణ రక్షణకని కొన్న వస్తువు ఆ నెలలన్నీ బీరువాలో ఇనుప ముక్కలా పడి ఉంది.

ఎన్నికల సంగతి కూడా చెప్పాలి. పశ్చిమ కర్నూలులో ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయడం మనకు అలవాటే. శాంతిభద్రతల దృష్ట్యా అది అవసరం కూడా. కాని నూనె రాయకుండా ఇచ్చిన తుపాకికి వారాల తరబడి తేమ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు తయారీ లోపం కాదు గనుక గ్యారంటీలోకి రాదు. గొట్టం తుడిచి, నూనె రాసి, అప్పటి స్థితి రశీదులో రాయించుకోవడం మేలు.

కాలం కొంత మారింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో లోపమున్న సరుకు అమ్మినవారిని ప్రశ్నించే హక్కు వచ్చింది. ఐతే సాధారణంగా ప్రతివాది ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో దావా వేయవలసి వచ్చేది. 2020 జూలై నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం కొన్నవారు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. ఎమ్మిగనూరు మనిషి కాన్పూరు దాకా పోనక్కరలేదు, కర్నూలు చాలు. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడదీశారు. కాన్పూరు కేంద్రంగా ఏర్పడిన ఆయుధ కంపెనీ 2023లో ప్రబల్ అనే కొత్త రివాల్వర్‌ను తెచ్చింది. శాఖ కంపెనీగా మారితే సర్వీసు కూడా మారాలని కోరడం కొనుగోలుదారుల హక్కు.

చివరగా పెన్షనరు కుటుంబాలకు ఒక మనవి. లైసెన్సుదారు కాలం చేస్తే ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోకూడదు, బాగుచేయించి అమ్ముదామని ఎవరికో అప్పగించకూడదు. ఆలస్యం లేకుండా సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని డిపాజిట్ చేసి రశీదు తీసుకోవాలి. గడువులోగా వారసులు లైసెన్సు పొంది తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్ముకోవచ్చు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్ళు నిండినా, ఆయుధం ఇరవై ఐదేళ్ళుగా ఆయన దగ్గర ఉన్నా, ఆయన బతికి ఉండగానే వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండరాదు.

కొన్న బిల్లు, గ్యారంటీ కార్డు, మరమ్మతు రశీదులు, లైసెన్సు పుస్తకం అన్నీ ఒకే కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడున్నదో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. తయారీదారులు మారారు, చట్టాలు మారాయి, జిల్లాలే మారాయి. ఇన్ని మార్పులలోనూ యజమానిని కాపాడినది ఆయన చేతిలోని కాగితమే.